బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు: స్వేచ్ఛ, నీతి, పౌరసమాజం

మహనీయుల జీవితాలను స్మరించుకొనేటప్పుడు మనలో చాలమంది వారి పదవులను, బిరుదులను లెక్కపెట్టి తృప్తి చెందుతారు. ఆ లెక్క అవసరమే అయినా, అంతటితో ఆగిపోతే ఆ జీవితం మనకు విగ్రహంగా మిగులుతుందే గాని వెలుగుగా మిగలదు. పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా, మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా, ఆంధ్రదేశపు బ్రహ్మసమాజానికి పెద్దదిక్కుగా వెలసిన సర్ రఘుపతి వేంకటరత్నం నాయుడుగారి పేరు గోదావరి మండలంలో తెలియనివారు అరుదు. పెద్దాపురంలో చదువుకొనే మాకు కాకినాడ పరాయి ఊరు కాదు. ఆ పట్టణపు వీథులలో తెల్లని వస్త్రాలతో, తెల్లని తలపాగాతో నడచిన ఆ మూర్తిని గూర్చి మా పెద్దలు తమ పెద్దల నోట విన్న కథలు నేటికీ చెబుతూనే ఉన్నారు. ఆ కథలను దాటి, ఆయన జీవితమంతా పెనగులాడిన ఒక ప్రశ్నను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

మనిషికి స్వేచ్ఛ అంటే ఏమిటి? తోచినట్లు నడవడం స్వేచ్ఛా, లేక తన మనసును తానే ఏలుకోవడం స్వేచ్ఛా? ఒక మనిషి నీతి అతని సొంత వ్యవహారమా, లేక అతని చుట్టూ ఉన్న సమాజం కూడా అందుకు బాధ్యత వహించాలా? ఆయన ఎదుర్కొన్న ప్రశ్న ఇదే.

ఈ ప్రశ్న కొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివరలో జర్మనీ దేశపు తత్త్వవేత్తలు దీనిని ఎంతో నిశితంగా పరిశీలించారు. కోనిగ్స్‌బర్గు పట్టణంలో గుర్రపు జీనులకు కావలసిన తోలుపట్టీలు కుట్టేవాని ఇంట 1724లో పుట్టిన ఇమ్మాన్యుయేల్ కాంట్, కోరికకు లొంగి నడిచేవాడు స్వతంత్రుడు కాడనీ, తన బుద్ధి తనకు విధించిన ధర్మానికి తలవంచేవాడే స్వతంత్రుడనీ బోధించాడు. ఏ మనిషినీ కేవలం ఒక సాధనంగా వాడుకోరాదనీ, ప్రతి మనిషీ తనకు తానే ఒక పరమార్థమనీ ఆయన 1785లో వెలువరించిన నీతిగ్రంథపు సారం. ఆయన తరువాత వచ్చిన హెగెల్ ఆ మాటను అంగీకరిస్తూనే ఒక లోటును ఎత్తిచూపాడు. ధర్మం ఒక్క మనిషి గుండెలో మాత్రమే ఉంటే చాలదనీ, కుటుంబంలో, వృత్తులతోను వర్తకంతోను సంఘాలతోను కూడిన పౌరసమాజంలో, రాజ్యంలో అది ఆచారంగా, సంస్థలుగా రూపుకట్టాలనీ ఆయన వాదించాడు. 1821 నాటి తన ధర్మశాస్త్ర గ్రంథంలో ఆయన మరొక చేదు నిజాన్ని కూడా చెప్పాడు. పౌరసమాజం ఎంత సంపద కూడబెట్టినా, తన మధ్యనే దిక్కులేనివారిని, గౌరవం కోల్పోయినవారిని పుట్టిస్తూ ఉంటుంది. వారిని ఏమి చేయాలన్నది ఆ గ్రంథంలో తేలని ప్రశ్నగానే మిగిలిపోయింది.

వేంకటరత్నం నాయుడుగారిని తెచ్చి ఏదో ఒక జర్మను తత్త్వశాఖకు కట్టివేయాలన్నది మా అభిమతం కాదు. ఆయన ఉపనిషత్తుల భగవంతుని నమ్మిన బ్రహ్మసమాజికుడు. అయినా ఒక దేశంలో గ్రంథస్థమైన ప్రశ్న మరొక దేశంలో ఒక మనిషి బ్రతుకులో ప్రత్యక్షం కావడం చరిత్రలో వింత కాదు. కాంట్ చెప్పిన అంతరంగ ధర్మమూ, హెగెల్ చెప్పిన పౌరసమాజమూ ఈ గోదావరి తీరంలో ఏ రూపు దాల్చాయో, ఎక్కడ తడబడ్డాయో తెలుసుకోవడానికి ఆయన జీవితాన్ని మించిన ఉదాహరణ మాకు కనిపించలేదు.

నాయుడుగారు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్నంలో జన్మించారు. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యంలో సుబేదారు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం ఊరూరా తిరుగవలసి రావడంతో బాలుని తొలిచదువు తెలుగునేలకు దూరంగా, చాందా ప్రాంతంలో సాగింది. అక్కడ ఆయన హిందీ, ఉర్దూ, పారసీ భాషలు నేర్చుకొన్నారు. తరువాత కొంతకాలం హైదరాబాదులో చదివారు. ఉర్దూ, తెలుగు పుటలు పక్కపక్కన అచ్చయ్యే ఈ సంచికలో ఈ సంగతిని మేము ప్రత్యేకంగా పేర్కొంటున్నాము. ఆంధ్రదేశంలో బ్రహ్మర్షి అని పేరొందిన వ్యక్తికి చిన్ననాటి బడిలో చెవిని పడిన అక్షరాలు అలిఫ్, బే అన్నవి. ఒక భాష ఒక మతపు సొత్తు అన్న ఊహ ఆయన మనసులో నాటుకొనే అవకాశమే లేకపోయింది. పలు కులాల, పలు మతాల సిపాయిలు ఒకే చోట బ్రతికే పటాలపు వాతావరణంలో పెరిగిన బాలునికి మనుషులంతా ఒక్కటే అన్న భావం పుస్తకాలకంటె ముందు కంటికే తెలిసివచ్చి ఉంటుంది.

పైచదువులకై ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. ఆ కళాశాలకు అప్పుడు ప్రిన్సిపాలు డాక్టర్ విలియం మిల్లర్. స్కాట్లండునుండి వచ్చిన ఆ మతబోధకుడు విద్యార్థుల మతాన్ని మార్చడంకంటె వారి శీలాన్ని తీర్చిదిద్దడమే తన మొదటి పనిగా భావించాడు. ఆ కాలంలో స్కాట్లండు, ఇంగ్లండు విశ్వవిద్యాలయాలలో కాంట్, హెగెల్‌ల భావాలు బాగా వ్యాపించి ఉండేవి. గ్లాస్గోలో ఎడ్వర్డ్ కెయిర్డ్, ఆక్స్‌ఫర్డులో టి. హెచ్. గ్రీన్ వంటి అధ్యాపకులు, మనిషి తనలోని శ్రేష్ఠత్వాన్ని సమాజసేవలోనే సాధించుకొంటాడని బోధిస్తున్న రోజులవి. విద్య అంటే శీలనిర్మాణమనీ, శీలమంటే సేవ అనీ నమ్మే గురుపరంపర ఆ విధంగా మద్రాసు వరకు వచ్చింది. నాయుడుగారు ఆ నమ్మకాన్ని గురువునుండి స్వీకరించారు. మతాన్ని మాత్రం మన్నవ బుచ్చయ్య పంతులుగారి సాహచర్యంవల్ల బ్రహ్మసమాజంలో కనుగొన్నారు. విగ్రహాలులేని ఒకే దైవం, కులంలేని ఒకే మానవకుటుంబం అన్న రాజా రామమోహన రాయల ఆశయం ఆయనకు జీవితాంతం మార్గదర్శకమైంది.

చదువు ముగిసిన పిమ్మట ఆయన ఎంచుకొన్నది అధ్యాపక వృత్తి. ఆంగ్ల విద్య చదివిన యువకుడు వకీలుగానో, సర్కారు ఉద్యోగిగానో స్థిరపడాలని ఆశపడే ఆ దినాలలో ఆయన బడిపంతులుగా మిగిలిపోవడానికే ఇష్టపడ్డారు. జన్మస్థలమైన మచిలీపట్నంలో, 1843లో స్థాపితమైన నోబుల్ విద్యాసంస్థలో ఆంగ్లం బోధించారు. 1889లో ఆయన భార్య మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 27 ఏండ్లు. భార్య పోయిన పురుషుడు సంవత్సరం తిరగకముందే మరల పెండ్లిపీట ఎక్కడం, భర్త పోయిన బాలిక జీవితాంతం తల గొరిగించుకొని మూలన కూర్చోవడం నాటి లోకాచారం. నాయుడుగారు మరల వివాహం చేసుకోలేదు. ఆనాటినుండి చివరిదాకా తెల్లని దుస్తులే ధరించారు. స్త్రీకి ఒక న్యాయం, పురుషునికి ఒక న్యాయం విధించిన సమాజానికి ఆ తెల్లబట్టే ఆయన ఇచ్చిన సమాధానమని మేము భావిస్తున్నాము. తనకు తాను విధించుకొన్న ధర్మానికి లోబడడమే స్వేచ్ఛ అన్న మాటకు ఇంతకంటె సరళమైన వ్యాఖ్యానం మరొకటి ఉండదేమో!

ఆ దశాబ్దంలోనే ఆయన చేపట్టిన శీలపవిత్రతోద్యమం ఆంధ్రదేశమంతటా ప్రసిద్ధమైంది. దాని తత్త్వం తెలియాలంటే నాటి స్థితిని పాఠకులు ఒకసారి కన్నులముందుకు తెచ్చుకోవాలి. ధనికుల ఇంట పెండ్లి జరిగినా, ఉపనయనం జరిగినా, పెద్ద దొరగారు ఊరికి వచ్చినా భోగంమేళం పెట్టించడం హోదాకు గుర్తు. మేజువాణి లేని పెండ్లి పెండ్లి కాదని భావించేవారు. న్యాయాధికారులు, వకీళ్ళు, ఉపాధ్యాయులు, సంస్కర్తలమని చెప్పుకొనేవారు సైతం ముందువరుసలో కూర్చొని తిలకించేవారు. మా పెద్దాపురం ఇందులో వెనుకబడిన ఊరేమీ కాదు. వత్సవాయి ప్రభువుల కోటకు, పట్టునేతకు, మరిడమ్మ తీర్థానికి ఎంత పేరో, కళావంతుల మేళాలకూ ఈ ఊరికి అంత పేరు ఉండేది. ఆ పేరును లోకం కాలక్రమాన కళనుండి విడదీసి కేవలం ఒక వెక్కిరింతగా మార్చింది. ఆ వెక్కిరింతను ఈ ఊరి ఆడపిల్లలు పొరుగూళ్ళలో నేటికీ మోయవలసి రావడం మాకు అనుభవంలో ఉన్న విషయమే. కనుక ఈ ఉద్యమం మాకు పుస్తకాలలో చదివే చరిత్ర మాత్రమే కాదు.

నాయుడుగారు కోరినది పైకి చూడడానికి చాల చిన్నది. మేజువాణి పెట్టించకుడు, పెట్టించిన ఇంటికి వెళ్ళకుడు, మద్యం ముట్టకుడు, మాటలో చేతలో శుచిగా ఉండుడు అని మాత్రమే ఆయన యువకులను అర్థించారు. చట్టాన్ని కోరలేదు, బలాత్కారాన్ని కోరలేదు. ప్రతి యువకుడు తనంత తాను ప్రతిజ్ఞ పూనాలి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరంలో 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించి సంఘంతో తలపడినవారు. పంతులుగారు తమ పత్రికలలో వ్యంగ్యంతో ఏ దురాచారాన్ని చీల్చిచెండాడారో, నాయుడుగారు తమ ఉపన్యాసాలతో, నడవడితో దానినే ఎదుర్కొన్నారు. 1893లో మద్రాసు సంస్కరణ సంఘంవారు, ఇట్టి ఆటపాటలకు విచ్చేయవద్దని రాజప్రతినిధికి, మద్రాసు గవర్నరుకు విన్నపం పంపారు. ఆ మేళాలలో తమకు అనుచితమేదీ కనిపించలేదంటూ ప్రభువులిద్దరూ దానిని త్రోసిపుచ్చారు. ప్రభుత్వం చేయనిది పౌరులే తమలో తాము చేసుకోవాలన్న నాయుడుగారి నిశ్చయానికి ఈ సమాధానం మరింత బలం చేకూర్చింది.

1899లో ఆయన సికిందరాబాదులోని మహబూబు కళాశాలకు ప్రిన్సిపాలుగా వెళ్ళారు. నిజాం ప్రభువు మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మోస్తున్న ఆ విద్యాసంస్థలోనే 1893లో, చికాగో ప్రయాణానికి ముందు, స్వామి వివేకానందులు ఉపన్యసించారు. బాల్యంలో నేర్చిన ఉర్దూ పారసీలు ఆ నగరంలో నాయుడుగారికి తిరిగి అక్కరకు వచ్చాయి. సుమారు ఐదేండ్లు అక్కడ గడిపి, పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా కాకినాడకు వచ్చారు. 1919 వరకు సాగిన ఆ పదిహేనేండ్లు ఆయన జీవితంలోనే కాక, ఈ మండలపు విద్యాచరిత్రలోనే ఒక అధ్యాయం.

1884లో కళాశాల స్థాయిని అందుకొన్న ఆ సంస్థ ఆయన చేతిలో ఒక చిన్న పౌరసమాజంగా రూపొందిందంటే అతిశయోక్తి కాదు. మగపిల్లల సరసన ఆడపిల్లలు కూర్చొని చదువుకొనడం కనీవినీ ఎరుగని ఆ కాలంలో ఆయన తన కళాశాల తలుపులు బాలికలకు తెరిచారు. అంటరానివారని లోకం గెంటివేసిన కుటుంబాల పిల్లలను చేర్చుకొని, వారికి వసతి, భోజనం ఏర్పాటు చేయించారు. కులం తెలియని అనాథ శిశువులకు ఆయన ఇల్లే ఇల్లయింది. పేద విద్యార్థుల జీతాలు తన జీతంలోనుండి చెల్లించేవారు. పిఠాపురం ప్రభువు శ్రీ రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు ఆయనను గురువుగా భావించారు. ఆ ప్రభువు ధనం అనాథాశ్రమానికి, నిమ్నజాతుల విద్యార్థి వసతికి, కాకినాడ బ్రహ్మమందిరానికి ప్రవహించిందంటే దాని వెనుక గురువుగారి ప్రభావమే కారణం.

ఇక్కడ పాఠకులు ఒక్కక్షణం ఆగి ఆలోచించాలి. హెగెల్ చెప్పిన ప్రకారం మనిషి కుటుంబంలో ప్రేమను, పౌరసమాజంలో హక్కును, రాజ్యంలో పౌరధర్మాన్ని నేర్చుకొంటాడు. మన సమాజంలో ఈ మూడింటికీ అడ్డంగా కులం నిలిచింది. మాలపల్లెలో పుట్టిన బాలునికి సంతలో సరుకు కొనే హక్కు కాగితంమీద ఉన్నా, ఊరిబావిలో నీరు తోడుకొనే హక్కు లేదు. అటువంటి చోట పౌరసమాజమన్నది దొరికిన వస్తువు కాదు, కట్టుకోవలసిన ఇల్లు. దానికి పునాది ఎక్కడ వేయాలి? చట్టసభలోనా? నాయుడుగారు తరగతి గదిలో వేయాలనుకొన్నారు. ఒకే బల్లమీద కూర్చొని ఒకే పాఠం విన్న ఇద్దరు విద్యార్థులు రేపు ఒకరినొకరు అంటరానివారని అనలేరన్నది ఆయన విశ్వాసం. అది సంపూర్ణంగా నెరవేరిందని మేము చెప్పలేము. అయినా ఆ బల్లమీద చదివి పైకి వచ్చినవారి సంతతి ఈ మండలంలో ఉపాధ్యాయులుగా, వైద్యులుగా, అధికారులుగా కనిపిస్తున్నప్పుడు ఆ విశ్వాసం వట్టిదని కూడ అనలేము.

ఆయన నడిచిన దారికి ఎదురుగా మరొక దారి ఆ రోజులలోనే తెరుచుకొంది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి ఉపన్యసించగా రాజమహేంద్రవరంలో, కాకినాడలో విద్యార్థిలోకం అట్టుడికింది. వందేమాతరమన్న నేరానికి ఒక బాలుని కాకినాడలో కెంప్ అనే తెల్లదొర కొట్టగా పట్టణమే తిరగబడింది. 1923లో మౌలానా మహమ్మదాలీ అధ్యక్షతన అఖిలభారత కాంగ్రెసు మహాసభ ఆ కాకినాడలోనే జరిగింది. ఇంత జరుగుతున్నా నాయుడుగారు రాజకీయ సంగ్రామంలోకి దిగలేదు. తమను తాము ఏలుకోలేని జాతికి స్వరాజ్యం వచ్చినా నిలువదన్న భావనకు చెందిన తరం ఆయనది. 1924లో ప్రభుత్వం ఇచ్చిన సర్ బిరుదును స్వీకరించారు. 1925 నుండి 1928 వరకు మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేశారు. బిరుదులు త్యజించడమే దేశభక్తికి ఆనవాలైన ఆ దినాలలో ఇది ఆయన అభిమానులను సైతం కలవరపరిచింది. ఈ విషయాన్ని దాచడం ఆయనకు గౌరవం కాదు. లోపలి స్వేచ్ఛ ముందా, బయటి స్వేచ్ఛ ముందా అన్న ప్రశ్నకు ఆయన లోపలిదే ముందని జవాబిచ్చారు. పరాయివాని ఏలుబడిలో లోపలి స్వేచ్ఛకు కూడ సంకెళ్ళు పడతాయన్న సంగతిని ఆ జవాబు తగినంతగా లెక్కలోకి తీసుకోలేదని మా వినమ్ర అభిప్రాయం.

ఇంతకంటె కష్టమైన ప్రశ్న మరొకటి ఉన్నది. శీలపవిత్రతోద్యమం ఎవరి శీలాన్ని గూర్చి మాట్లాడింది? మేజువాణికి పోవద్దని యువకునికి చెప్పింది. అది అతనిని ఉన్నతునిగా చేసింది. మేజువాణి మానిపోయిన పిమ్మట ఆ మేళపు స్త్రీ ఏమి తిని బ్రతకాలన్న ప్రశ్నకు దానివద్ద సమాధానం స్వల్పం. గజ్జెపూజ చేయించుకొని, పదములు, జావళులు, భామాకలాపం ఏండ్ల తరబడి అభ్యసించి, సంగీత సాహిత్యాలలో ఆరితేరిన స్త్రీలు అందులో ఉన్నారు. తెలుగునాట ఆ కాలంలో చదువను, వ్రాయను నేర్చిన ఆడవారు ప్రధానంగా వారే. ఇల్లాలికి లేని ఆస్తిహక్కు సైతం వారికి ఉండేది. వారిని దోపిడి చేసింది పురుషుడు. దోషమంతా వారి నెత్తిన పడింది. ఉద్యమం విజయవంతమైనకొలదీ పెద్దమనుషుల ఇండ్లు శుభ్రపడ్డాయి గాని, కళావంతుల ఇండ్లలో పొయ్యి ఆరిపోయింది. కళ పోయి, వృత్తి పోయి, కొందరు అంతకుముందుకంటె హీనమైన బ్రతుకులోకి జారిపోయారు. సంపదతో తులతూగే పౌరసమాజం తన మధ్యనే గౌరవం కోల్పోయినవారిని పుట్టిస్తుందని హెగెల్ చెప్పిన చేదు నిజానికి మా ఊరి వీథులే సాక్ష్యం.

ఈ లోటును ఆనాడే పసిగట్టిన మహాకవి ఒకరున్నారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శితమైన కన్యాశుల్కంలో, మరీ ముఖ్యంగా 1909లో వెలువడిన దాని రెండవ రూపంలో, గురజాడ అప్పారావుగారు వేశ్యయైన మధురవాణిని ఉత్తముడైన సౌజన్యారావు పంతులుకు ఎదురుగా నిలబెట్టారు. ఆమె ముఖమైనా చూడరాదని నియమం పూనిన ఆ సంస్కర్త, ఆమె బుద్ధికి, ఉపకారబుద్ధికి తలవంచవలసి వస్తుంది. ప్రతి మనిషీ తనకు తానే ఒక పరమార్థమని కాంట్ చెప్పినది నిజమైతే, ఆ మాట మధురవాణికి వర్తించదా? ఇక్కడ తత్త్వవేత్తలనూ మనం నిలదీయవలసి ఉంటుంది. మనిషి గౌరవాన్ని అంత ఎత్తున నిలిపిన కాంట్ స్త్రీలను, సేవకవృత్తిలో ఉన్నవారిని పూర్తి పౌరులుగా లెక్కించలేదు. స్త్రీకి కుటుంబమే సర్వస్వమని హెగెల్ తీర్మానించాడు. సూత్రం విశాలమైనది, దానిని చెప్పినవారి చూపు మాత్రం తమ కాలపు గోడల దగ్గర ఆగిపోయింది. నాయుడుగారి విషయంలోనూ కొంతవరకు అదే జరిగింది.

అయితే ఒక భేదం ఉన్నది. గురువు విత్తిన విత్తనం శిష్యుల చేతిలో ఏమైందో చూస్తే ఆ భేదం తెలుస్తుంది. కాకినాడ కళాశాలలో ఆయన ప్రభావంలో పెరిగిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు మేజువాణి మానుకొని ఊరుకోలేదు. కళావంతుల ఇండ్ల కన్యలకు వివాహాలు జరిపించే పనికి పూనుకొని లోకనిందను భరించారు. అదే కళాశాలలో అదే బ్రహ్మసమాజపు గాలి పీల్చిన గుడిపాటి వేంకటచలంగారు తరువాత గురువు విధించిన నియమాలన్నింటిని త్రోసివేసి, స్త్రీ శరీరంమీద, మనసుమీద పెత్తనం ఎవరిదని తన రచనలలో లోకాన్ని నిలదీశారు. గురువు శీలమన్న చోట శిష్యుడు స్వేచ్ఛ అన్నాడు. ఇద్దరి దారులు ఎంత ఎడమైనా, లోకం ఏమంటుందన్న భయాన్ని విడిచి మనస్సాక్షికి మాత్రమే లోబడాలన్న పాఠం ఇద్దరిదీ ఒక్కటే. తనను కాదనగల శిష్యుని తయారుచేయడంకంటె గురువుకు గొప్ప విజయమేమున్నది?

చట్టం చాల ఆలస్యంగా కదిలింది. డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషితో 1929లో దేవదాసీల మాన్యాలను దేవాలయ సేవనుండి విడదీసే శాసనం వచ్చింది. ఆడపిల్లలను దేవాలయాలకు అంకితం చేయడాన్ని నిషేధించే మద్రాసు శాసనం 1947లో, ఆంధ్రప్రదేశ్ శాసనం 1988లో వెలువడ్డాయి. కళ విషయంలో న్యాయం మరింత ఆలస్యంగా జరిగింది. నటరాజ రామకృష్ణగారి వంటివారు పల్లెలు తిరిగి, బల్లిపాడు సరిదె మాణిక్యమ్మగారివంటి వృద్ధ కళాకారిణులను వెదకి, వారి పాదాల చెంత నేర్చి, ఆ నాట్యాన్ని ఆంధ్రనాట్యమన్న పేరుతో వేదికమీదకు తెచ్చారు. ఏ కళను పెద్దమనుషులు వెలివేశారో ఆ కళకే తరువాతి తరం చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు వినకుండానే కన్నుమూసిన స్త్రీలు ఎందరో.

నాయుడుగారు 1939 మే 26న కాకినాడలో దివంగతులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 76 ఏండ్లు. ఆయన విడిచిపోయిన ఆస్తి మేడలూ మాన్యాలూ కాదు. ఆయన చేతిమీదుగా చదువుకొన్న విద్యార్థులు, ఆయన ఇంట పెరిగిన అనాథలు, తలుపులు తెరుచుకొన్న ఒక కళాశాల.

ఈ జీవితాన్ని తూచి చూసినప్పుడు మాకు తోచిన విషయాన్ని విద్యార్థి సోదరీసోదరులకు విన్నవించి ముగిస్తాము. నీతి మనసులోనుండి పుట్టాలే గాని పైనుండి రుద్దరాదని నాయుడుగారు నమ్మారు, అది సత్యం. నీతి ఒక్కరిలో ఉంటే చాలదు, దానికి బడి, వసతిగృహం, ఆశ్రమం వంటి ఇల్లు కట్టాలని ఆచరించి చూపారు. అది అంతకంటె గొప్ప సత్యం. అయితే ఆ ఇంటిలో ఎవరికి చోటు ఉన్నదో, ఎవరు గుమ్మం బయట నిలబడి ఉన్నారో ప్రతి తరమూ తిరిగి చూచుకోవాలి. నాయుడుగారు తన కాలంలో గుమ్మం బయట ఉన్న అంటరాని బాలుని, అనాథ శిశువును, ఆడపిల్లను లోపలికి పిలిచారు. మేళపు స్త్రీని పిలువవలసిన పని మిగిలిపోయింది.

మన ఊరి పేరు చెప్పగానే పొరుగూరివాడు ముసిముసిగా నవ్వినప్పుడు మనలో కొందరు తల దించుకొంటారు, కొందరు తామూ నవ్వి తప్పుకొంటారు. ఆ నవ్వు ఎవరి తల్లిని, ఎవరి చెల్లెలిని ఉద్దేశించినదో తలచుకొని, ఆ నవ్వులో మేము పాలుపంచుకొనబోమని నిశ్చయించుకోవడం చిన్న ప్రతిజ్ఞే. నూరేండ్ల క్రితం తెల్లబట్ట కట్టిన ఒక ఉపాధ్యాయుడు కాకినాడ యువకులను అడిగినది కూడా ఇంతటి చిన్న ప్రతిజ్ఞే. దానిని మనంతట మనమే పూనితే, ఆయన ఆగిన చోటనుండి ఒక్క అడుగైనా ముందుకు వేసినవారమవుతాము.